ఆ వాక్యం ఎవరిది

ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను పెళ్లివాళ్ల చీరలకు లైనింగ్ గుడ్డ కోస్తున్నాను. వరంగల్ బజారులో మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెస్తే దాని రంగుకు సరిపడే జాకెట్ ముక్క, లైనింగ్, ఫాల్ చూసి ఇస్తాం. కోత మధ్యలో కత్తెర ఆపితే అంచు వంకర పోతుంది. అయినా ఆపాను. ఫోన్ మీద ఆ పత్రిక పేరు కనిపించింది.

మనస్తత్వశాస్త్రం, మానవశాస్త్రం లాంటి, మనిషిని గురించిన శాస్త్రాలు ఎలా పుట్టాయి, ఎవరిని ఏ కొలతలతో కొలిచాయి అనే చరిత్రను అచ్చువేసే పత్రిక అది. విదేశంలో వస్తుంది. ఆ రంగంలో కొత్తగా అడుగుపెట్టిన పరిశోధకులు రాసిన వ్యాసాల్లో ఒకదానికి ఏటా బహుమతి ఇస్తుంది. ఏ కాలేజీతోనూ సంబంధం లేనివాళ్లు కూడా పంపవచ్చని ఆ ఏటి ప్రకటనలో ఉంది. 'వృత్తి తొలిదశలో ఉన్నవారు' అన్నారు గానీ వయసు అడగలేదు. నాకు నలభై మూడు. పంపిన రోజు మా ఆయన, "నలభై మూడేండ్లకు తొలిదశ అంటే మలిదశ ఎప్పుడొస్తదో మరి" అని నవ్వారు.

పంపిన ఐదు నెలలకు వచ్చిన మెయిల్ అది. చివరి ముగ్గురిలో నా వ్యాసం ఉందట. న్యాయనిర్ణేతలకు అందులో ఒక వాక్యం మరీ నచ్చిందట. ఆ వాక్యాన్ని మెయిల్‌లోనే మళ్లీ రాశారు. పది రోజుల్లో ఆధారాల పట్టికతో తుది ప్రతి పంపాలి. దానితోపాటు, ఇందులోని ఆలోచనలు నావేనని, ఇతరులవి ఉన్నచోట వాళ్ల పేరు చెప్పానని సంతకం చేసిన హామీపత్రం కూడా పంపాలి.

వాళ్లకు నచ్చిన వాక్యం తెలుగులో ఇది: 'ఆ పరీక్ష కొలిచింది పిల్లవాడి బుద్ధిని కాదు, ప్రశ్న తయారుచేసినవాడి ఇంటికీ పిల్లవాడి ఇంటికీ ఉన్న దూరాన్ని.'

ఇంగ్లీషులో ఆ మాటలు రెండుసార్లు చదివాను. వాటిని అంతకు ముందు చూసినట్టు అనిపించింది. నా వ్యాసంలో కాదు. అచ్చులో, ఎడమవైపు పేజీలో, పైభాగాన.

పెళ్లివాళ్లలో పెద్దావిడ, "ఏందమ్మా, కత్తెర పట్టుకొని బొమ్మలెక్క నిలబడ్డవ్" అంది. గుడ్డ వంకర పోయింది. ఆమెకు కొత్త తానులోంచి మళ్లీ కోసి ఇచ్చాను.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా లైబ్రరీలోనే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా గిరాకీ ఉండదు. ఆ మూడు గంటలు, పదహారేళ్లుగా, నేను లైబ్రరీలో కూర్చుంటున్నాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నది అక్కడే. మొదట్లో ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పట్టేది. ఈ సంగతి చెప్పుకునేటప్పుడు నా గొంతులో గర్వం ఉంటుంది. దాన్ని దాచుకోను.

మనిషిని కొలిచే శాస్త్రాల మీదికి నా మనసు పోవడానికి ఒక కారణం ఉంది. ఏడో తరగతిలో ఉండగా మా బడికి ఎవరో వచ్చి, ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి చెక్కముక్కలు ముందు పోసి, ఒకే తీరువి ఒకచోట పెట్టమన్నారు. నేను రంగులవారీగా పెట్టాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, సరే పో అన్నారు. బయటికి వచ్చాక తెలిసింది, మిగతావాళ్లంతా ఆకారాల వారీగా పెట్టారని. ఆయన ఏం రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కాగితం ఎక్కడో ఉందని, దాని మీద నేనేమిటో ఉందని చాలాకాలం భయపడ్డాను.

లైబ్రరీలో రిఫరెన్సు పుస్తకాలు ఇంటికి ఇవ్వరు. వాటి కోసం నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రెండు మూడు పేజీలు చదివి పుస్తకం మూసేసేదాన్ని. అర్థమైంది తెలుగులో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. పక్క బల్లల మీద పిల్లలు గైడ్లలోంచి ఉన్నదున్నట్టు దించుకుంటుంటే, నేను అలా దించుకోను కదా అని లోలోపల అనుకునేదాన్ని. నాది అర్థం చేసుకునే చదువు. అందుకే పేజీ నంబరు వేసుకోలేదు, ఎవరి మాటో రాసుకోలేదు, ఎక్కడ పుస్తకం ఆగి ఎక్కడ నా ఆలోచన మొదలైందో గీత గీసుకోలేదు. అలాంటివి పన్నెండు లాంగ్ నోటుబుక్కులు అయ్యాయి.

వ్యాసం మాత్రం ఒక చిన్న పుస్తకం మీద రాశాను. ఎవరో రిటైరైన టీచరు ఇంటివాళ్లు లైబ్రరీకి ఇచ్చిన పాత కాగితాల కట్టలో దొరికింది. పిల్లల తెలివిని కొలవడానికి ఇంగ్లీషులో తయారైన ప్రశ్నలను ఎవరో తెలుగులోకి మార్చి అచ్చువేశారు. దాన్ని వాడిన ఉపాధ్యాయుడెవరో పల్లెబడి పిల్లలు చెప్పిన జవాబులను అంచుల్లో రాసి మార్కులు వేశాడు. వాన పడుతుంటే బయటికి పోయేటప్పుడు ఏం తీసుకుపోవాలి? గొడుగు అనాలి. ఒక పిల్లవాడు గొంగడి అన్నాడు. సున్నా. దారిలో పోలీసు ఎదురైతే ఏం చేస్తావు? ఒక అమ్మాయి 'ఉరుకుత' అంది. సున్నా. పాలు ఎక్కడి నుంచి వస్తాయి? 'మా ఇంట్లకు రావు.' దానికీ సున్నా.

ఇది చదివిన మధ్యాహ్నం నేను దుకాణానికి ఆలస్యంగా వచ్చాను.

యూనివర్సిటీలో చరిత్ర పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి మా గిరాకీ. గోరింటాకు రంగు చీరకు జాకెట్ ముక్క కోసం వచ్చి, నా స్టూలు పక్కన నోటుబుక్కు చూసి కూర్చుండిపోయింది. బహుమతి సంగతి చెప్పింది ఆమే. నేను తెలుగులో రాస్తే, రెండు నెలలు మధ్యాహ్నాలు మా దుకాణంలోనే కూర్చుని ఇంగ్లీషు చేసింది. ప్రతి మాటా నన్ను అడిగే చేసింది. వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఆమె పేరు ఉంది.

మెయిల్ వచ్చిన మర్నాడు పన్నెండు నోటుబుక్కులూ దుకాణానికి తెచ్చుకుని కౌంటరు కింద పెట్టుకున్నాను. గిరాకీకీ గిరాకీకీ మధ్య ఒక్కొక్కటే తిరగేశాను. ఏడో దాంట్లో దొరికింది. ఆ వాక్యం తెలుగులో, నా చేతిరాతలో, పేజీ మధ్యలో ఉంది. దాని పైన ఒక లావు పుస్తకంలోని సంగతులున్నాయి. దాని కింద 'మా బడికి వచ్చిన సారు చెక్కముక్కలు' అని నా జ్ఞాపకం ఉంది. మధ్యలో ఈ వాక్యం. అటుదో ఇటుదో తెలియడం లేదు. అదే సిరా, అదే వేగం.

ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే సాయంత్రం వచ్చింది. ముందు సంతోషంతో నా చేతులు పట్టుకుంది. తర్వాత నా ముఖం చూసి స్టూలు మీద కూర్చుంది. నేను చెప్పింది విని తేలిగ్గా తీసేసింది.

"కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ల ఏసి చూసిన అక్కా. ఏం దొరకలే. క్లీన్‌గున్నది."

"ఎట్ల దొరుకుతది? నేను ఇంగ్లీషుల చదివి తెలుగుల రాసుకున్న. నువ్వు మళ్ల ఇంగ్లీషు జేసినవ్. రెండుసార్లు ఉతికినంక మరక కనపడ్తదా?"

"మరి ఎవలకు తెలుస్తది?"

"ముందు నాకు తెలువాలె గద. నాకే తెలుస్తలేదు."

ఆమె నోటుబుక్కు తీసుకుని ఆ పేజీ రెండుసార్లు చదివింది. అలాంటి మాట ఎవరికైనా తట్టవచ్చని, నాకు తట్టిందని, ఊరికే ఫికర్ చేస్తున్నానని అంది. నన్ను ఓదార్చాలనే అంది. కానీ ఆమె వెళ్లిపోయాక నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ వాక్యం నాది కాదని నేనెందుకు ఇంత సులువుగా నమ్ముతున్నాను? లైనింగ్ కోసే మనిషికి అంత మంచి మాట తట్టదని నేనే అనుకుంటున్నానా? చెక్కముక్కల సారు కాగితం మీద రాసిందే నేను నమ్ముతున్నానా? ఒకవేళ నిజంగా నాదే అయితే, భయపడి దాన్ని ఎవరికో ఇచ్చేసినదాన్ని అవుతాను. నాది కాకపోతే, సంతకం పెట్టి దొంగనవుతాను.

ఇక ఆ లావు పుస్తకం మళ్లీ చూడటం ఒక్కటే దారి.

లైబ్రరీ హాలు నిండా గ్రూప్స్ రాసే పిల్లలు. ఇంగ్లీషు రిఫరెన్సు అరలు ఉండాల్సిన గోడకు వాళ్ల కోసం కొత్త బల్లలు వేశారు. లైబ్రేరియన్ సారుకు నేను పదహారేళ్లుగా తెలుసు. అడిగితే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ పుస్తకాలు ఎవ్వలు ముడ్తలేరు అమ్మా. ఎనుక రూంల ఏసినం. మొన్నటి వానలకు ఆడ స్లాబు కారింది. తడిసి ముద్దయినయి కొన్ని తీసేసినం."

ఏవేవి తీసేశారని అడిగాను. జాబితా రాయలేదన్నారు.

ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు. హాయి. పుస్తకం పోయి ఉంటే ఇక ఎవరూ తేల్చలేరు. నేను కూడా తేల్చలేను. తేల్చలేని దానికి సంతకం పెట్టడం తప్పు కాదు. పదహారేళ్లు నాకు అన్నం పెట్టినట్టు చదువు పెట్టిన చోట నిలబడి, ఒక పుస్తకం నీళ్లలో నాని చచ్చిపోయి ఉండాలని కోరుకున్నాను. ఆ ఆలోచన నాకే వినిపించాక అక్కడ నిలబడలేకపోయాను. వెనక గది తాళం ఇమ్మని అడిగాను.

మూడు మధ్యాహ్నాలు వెతికాను. చున్నీ ముక్కుకు కట్టుకుని, సుతిలి తాళ్ల ముడులు విప్పి, ఒక్కో కట్ట దించి, చూసి, మళ్లీ కట్టాను. బూజు వాసనకు తుమ్ములు ఆగలేదు. ప్రతి కట్టా విప్పేటప్పుడు అందులో ఉండొద్దు అనుకునేదాన్ని. లేదని తెలిశాక తర్వాతి కట్టకు చెయ్యి పోయేది. ఇంట్లో వంట మాడింది. దుకాణంలో ఒక గిరాకీకి నీలానికి బదులు ఊదా ఇచ్చాను. ఇన్నేళ్లలో నేను రంగు తప్పడం అదే మొదలు. ఆమె గడప దాటకముందే మా ఆయన పిలిచి మార్చి ఇచ్చారు.

మూడో రోజు గోడ పక్కన అడుగు కట్టలో దొరికింది. గోధుమరంగు రెక్సిన్ అట్ట. ఉబ్బిపోయి ఉంది. మొదటి సగం పేజీలు బాగానే వస్తున్నాయి. నాకు గుర్తున్న అధ్యాయం దగ్గర పదిహేను ఇరవై కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని అట్టలా గట్టిపడ్డాయి. గోరు పెట్టి తీయబోయాను.

"గుంజకు అమ్మా, అక్షరాలు ఊడొస్తయి," అన్నారు సారు వెనకనుంచి. "ఆరనియ్యాలె. రేపు రా."

ఆయన గదిలో ఫ్యాను కింద పుస్తకాన్ని నిలబెట్టి వచ్చాను. గడువులో ఆరు రోజులు అయిపోయాయి. సిరా కరిగిపోయి ఉంటే బాగుండునని అనుకోవడం, వెంటనే వద్దనుకోవడం, అన్నం ముందు కూర్చుని కూడా అదే పని.

మర్నాడు సారు ఒక పాత పోస్టుకార్డును కాగితాల మధ్యకు మెల్లగా జరుపుతూ ఒక్కొక్కటే విడదీశారు. తొమ్మిదో కాగితం విడిపడగానే నాకు తెలిసిపోయింది. ఎడమవైపు పేజీ, పైభాగం. ఏదో చలిదేశంలో బొగ్గుగనుల ఊరి పిల్లల గురించి రాస్తూ ఆ రచయిత అన్నమాట. ఇల్లు ఉంది, దూరం ఉంది, బుద్ధి ఉంది. ఒక్క మాట కూడా నేను కలపలేదు. ఒక్క మాట కూడా మార్చలేదు.

దొరికిందా అని సారు అడిగారు. దొరికిందన్నాను. మంచిగైందన్నారు ఆయన.

దుకాణానికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన తానులు సర్దుతూ విన్నారు. దీన్ని దొంగతనం అంటారా అని నేనే అడిగాను.

"గిరాకీ వస్తది. మనం ఆమె ముంగట నాలుగు రంగులు ఏస్తం. అండ్ల ఒకటి ఎత్తుకొని, నేనే ఎంచుకున్న అనుకుంటది. ఆమె అబద్ధం ఆడ్తలేదు గద," అన్నారు. చేతిలోని తాను అరలో పెడుతూ, "గని ఏసింది మనమే," అన్నారు.

న్యాయనిర్ణేతలకు ఉత్తరం రాయడానికి ఆ అమ్మాయి వచ్చింది. విషయం విన్నాక ఆమె ముఖంలో రంగు మారింది. వ్యాసం కింద ఆమె పేరు కూడా ఉందని అప్పుడే ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది.

"పేరు తీసేయమంటవా?" అన్నాను.

"నేనే అడుగుదామనుకుంటున్న," అంది. తర్వాత, "ఉండనీ తియ్" అంది. ఆమె వేళ్లు కీబోర్డు మీద పదేపదే తప్పాయి.

మీకు నచ్చిన వాక్యం నాది కాదు, ఫలానా పుస్తకంలో ఫలానా పేజీలోనిది, నేను రాసుకునే పద్ధతి వల్ల నాదనుకున్నాను అని పంపాం. పేజీ ఫోటో కూడా పెట్టాం. పంపాక తేలికపడతానని అనుకున్నాను. పడలేదు. అక్కడ ఏ గదిలోనో ముగ్గురు నలుగురు కూర్చుని నా ఉత్తరం చదువుతున్నట్టు, ఒకరు కాగితం మీద ఏదో రాసుకుంటున్నట్టు అనిపించేది. ఫోన్ మోగితే మా ఆయననే చూడమనేదాన్ని.

నాలుగో రోజు జవాబు వచ్చింది. మర్యాదగా రాశారు. చెప్పినందుకు ధన్యవాదాలన్నారు. అయితే ఇదే పద్ధతిలో వ్యాసమంతా రాశారు కాబట్టి, ఇందులో ఏ భాగం మీ సొంతమని మీరు పూచీ పడగలరో గుర్తుపెట్టి పంపమన్నారు.

ఒక్క వాక్యంతో పోతుందనుకున్న భయం పద్దెనిమిది పేజీలకూ పాకింది. కౌంటరు మీద కాగితాలు పరిచి, బట్టల మీద గుర్తులు పెట్టే చాక్‌పీసు కాకుండా పిల్లల పసుపు స్కెచ్ పెన్ను తీసుకుని కూర్చున్నాను. మొదటి పేజీలో ఒక్క చోట కూడా పెన్ను ఆనలేదు. రెండో పేజీలో ఒక వాక్యం నాదే అనుకుని గీసి, కాదేమోనని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. చదివిన ప్రతి మంచి మాటా ఎక్కడో ఎడమవైపు పేజీలో చూసినట్టే అనిపించింది. పదహారేళ్ల మధ్యాహ్నాలు నాలో ఏం మిగిల్చాయో, ఎవరెవరి గొంతులు నాలో ఉండి మాట్లాడుతున్నాయో తెలియక, లోపల ఖాళీ అయిన మనిషిలా కూర్చున్నాను.

చివరికి ఆ చిన్న పుస్తకం గురించిన భాగానికి వచ్చాను. అంచుల్లో జవాబులు, సున్నాలు. గొంగడి వానలో గొడుగు కన్నా ఎందుకు మేలో నేను రాసిన పేరా. మేం పొలాల దగ్గర గొంగడి కప్పుకునే తిరిగాం, అది ఏ పుస్తకంలోనూ చదవలేదు. పోలీసును చూసి ఉరకడం తెలివి ఎందుకో రాసిన పేరా. పాలు రాని ఇంట్లో ఆ ప్రశ్నకు అంతకన్నా సరైన జవాబు లేదని రాసిన పేరా. అక్కడ పెన్ను ఆగకుండా నడిచింది. లెక్క చూస్తే నాలుగు పేజీలు. అవే పంపాను.

బహుమతికి కావలసిన నిడివిలో అది నాలుగో వంతు కూడా లేదు. అందువల్ల పోటీలోంచి తీసేశారు. బహుమతి వేరే దేశపు అబ్బాయికి వెళ్లింది. ఆ నాలుగు పేజీలను చిన్న వ్యాసంగా వేసుకుంటామని, ఒప్పుకుంటారా అని అడిగారు. ఒప్పుకుంటున్నానని రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పోయిన వారం ప్రూఫు వచ్చింది. పైన నా పేరు, దాని కింద 'స్వతంత్ర పరిశోధకురాలు, వరంగల్' అని ఉంది. అంచున సంపాదకుల ప్రశ్న ఒకటి ఉంది. జవాబుల పక్కన ఉన్న సున్నాలు ఆ కాలపు ఉపాధ్యాయుడు వేసినవేనా, లేక వివరణ కోసం మీరు చేర్చారా?

ఉపాధ్యాయుడివే అని నాకు తెలుసు. ఎన్నిసార్లు చూశానో. అయినా నా మాటను నేనే నమ్మలేకపోయాను. దుకాణం మా ఆయనకు వదిలేసి, ఎండలో ఆటో పట్టుకుని లైబ్రరీకి వెళ్లి, కట్ట విప్పించి, ఆ పేజీలు మళ్లీ తెరిచాను. ఎర్రసిరాతో, కొంచెం ఎడమకు వాలిన సున్నాలు. ఒక్కోదాని మీద వేలు పెట్టి లెక్కించాను. వ్యాసంలో ఎన్ని ఉన్నాయో అక్కడా అన్నే ఉన్నాయి.

'ఉపాధ్యాయుడివే. ఈ రోజు మళ్లీ చూశాను' అని ఫోన్లో రాశాను. పంపే ముందు ఇంకోసారి పేజీ తెరిచాను.